నోరు మూసుకొని చదవడం

ఈ నెలలో మా చర్చి పిల్లలు ఇద్దరు ఎల్బీనగర్‌లో వేరువేరు దవాఖానాల్లో ఆయాలుగా చేరుతున్నారు. శిక్షణలో వాళ్లకు చేతులు కడుక్కునే పద్ధతి, గ్లౌజులు తొడుక్కునే పద్ధతి, పేషెంటును పక్కకు తిప్పే పద్ధతి నేర్పారట. మంచిదే, మా కాలంలో అదీ లేదు. మిగతాది నువ్వు చెప్పు పెద్దమ్మా అని నా దగ్గరికొచ్చారు. నోటితో చెబితే సగం వింటారు, సగం ఫోను చూస్తారు. అందుకే రాస్తున్నాను. నా అక్షరాలు పెద్దవి, వంకరవి. ఒక పేజీకి ఒక పూట పడుతుంది. కాబట్టి అవసరం లేనిది రాయను.

నేను ఇరవై ఎనిమిదేళ్లు ఒకే దవాఖానలో ఆయాగా పనిచేశాను. నలభై మంచాల దవాఖాన. దాని పేరు మీకు అక్కర్లేదు.

పని ఏమిటి

బెడ్‌పాన్ పెట్టడం, తీయడం, కడగడం. తడిసిన పక్క మార్చడం. వేడినీళ్లలో గుడ్డ ముంచి ఒళ్లు తుడవడం. తినలేనివాళ్లకు తినిపించడం. ఆపరేషన్‌కు పోయే ఆడవాళ్ల గాజులు, మెట్టెలు తీసి వాళ్లవాళ్ల చేతిలో పెట్టడం. పోయినవాళ్లకు కళ్లు మూసి, దవడకు గుడ్డ కట్టి, కాళ్లు దగ్గరకు చేర్చడం. అంతే. దీంట్లో గొప్పతనం లేదు, నామోషీ కూడా లేదు. ఎవరైనా ముక్కు మూసుకుంటే మూసుకోనివ్వండి, వాళ్లకూ ఒకరోజు అవసరం పడుతుంది.

ఒక్క సంగతి మాత్రం శిక్షణలో చెప్పరు. డాక్టరుకు చెప్పని మాట మనిషి ఆయాకు చెబుతాడు. బట్ట లేని ఒళ్లు చూసిన మనిషి దగ్గర ఇంకేం దాచాలని అనిపిస్తుందో ఏమో. భార్యకు తెలియని అప్పు, కొడుకుకు తెలియని జబ్బు, పెళ్లికి ముందరి సంగతి, అన్నీ చెబుతారు. మన చేతికి బెడ్‌పాన్ ఎట్ల వస్తుందో, మన చెవికి ఈ మాటలు అట్లనే వస్తాయి. బెడ్‌పాన్‌ను ఏం చేయాలో అందరికీ తెలుసు. మాటను ఏం చేయాలో నాకు తెలియలేదు. నేను రాసేది దాని గురించే.

నలభై దాటాక అక్షరాలు

మాది నల్గొండ అవతల పల్లె. నలభై రెండేళ్లు వచ్చేదాకా నాకు ఒక్క అక్షరం రాదు. అంకెలు తెలుసు, మంచం నంబర్లతో పని నడిచిపోయేది. చర్చిలోనే కష్టం. పాస్టరు గారు ఫలానా అధ్యాయం తీయండి అనగానే అందరి చేతుల్లో కాగితాలు గలగలమనేవి. నేను ఖాళీ చేతులతో కూర్చునేదాన్ని. నా పక్కన కూర్చునే కరుణమ్మ తన బైబిల్ తీసి సగం నా ఒళ్లోకి జరిపేది. ఆమెది మా పక్క ఊరే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. నాకు చదువు రాదని తెలిసినా ఒక్కసారి కూడా నలుగురిలో అనలేదు. ఆ మాట ముందే రాసిపెడుతున్నాను, ఎందుకంటే తర్వాత ఆమె గురించి వేరే సంగతి రాయాల్సి ఉంది.

అక్షరాలు నేర్పింది పాస్టరమ్మ గారు. ఆదివారం భోజనాలయ్యాక చర్చిలోనే చాప మీద కూర్చోబెట్టేవారు. పలక అడిగితే, పలక పిల్లలకు, నీకంత టైము లేదని బైబిల్‌తోనే మొదలుపెట్టారు. వేలు అక్షరం కింద పెట్టి, నోటితో గట్టిగా అంటూ చదవాలి. ఏడాదిన్నర పట్టింది. ఒక ఆదివారం పాస్టరు గారు కీర్తన నంబరు చెప్పగానే, కరుణమ్మ కన్నా ముందు నేను పేజీ తీశాను. ఆమె నా చేతివైపు చూసి, "అమ్మో, ఇగ నా బైబిల్ నాకే మిగిలింది," అని నవ్వింది. నేను ఏడ్చానని రాయను. ముక్కు చీదుకున్నాను.

ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టుదల. నాకు అక్షరం వచ్చింది వాక్యం వల్ల. మా నాయన ఇవ్వలేదు, సర్కారు ఇవ్వలేదు, వాక్యం ఇచ్చింది. దానికి నేను తిరిగి ఏమివ్వాలి? నోరు ఇస్తానని మొక్కుకున్నాను. చదివి వినిపిస్తాను, నలుగురికి చెబుతాను. తప్పు మొక్కు కాదు. కానీ మొక్కిన మనిషికి నోటి మీద అదుపు ఉందా లేదా అనేది చూసుకోలేదు.

పద్మజ సిస్టర్

మా హెడ్ నర్సు పద్మజ సిస్టర్‌ది గోదావరి జిల్లా. ఆమె నాకన్నా పన్నెండేళ్లు చిన్న. దేవుడి పటాలకు దండం పెట్టుకుని డ్యూటీ ఎక్కేది. ఆమె దగ్గర నేర్చుకున్నంత నేను ఏ ప్రసంగంలోనూ నేర్చుకోలేదు. ఇది రాస్తే మా వాళ్లలో కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

చదువు వచ్చిన కొత్తలో నేను నా బైబిల్‌ను కొంగులో చుట్టుకుని వార్డుకు తెచ్చేదాన్ని. ఒక ముసలాయనకు పక్షవాతం. మా మతంవాడే, కీర్తన చదువమ్మా అని సైగ చేశాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతున్నాను. ఎంతసేపు చదివానో తెలియదు. పద్మజ సిస్టర్ వచ్చి వెనక నిలబడింది. చేయి ఆయన నడుము కిందికి పోనిచ్చి తీసి, నా ముందు పట్టింది. తడి.

"దీవెనమ్మా, నువ్వు చదివేది ఆయనకు సగమే అర్థమవుతోంది," అంది. "వెన్ను కింద తడి మాత్రం మొత్తం తెలుస్తోంది. ముందు పక్క మార్చు. తర్వాత నీ ఇష్టం."

నాకు ఒళ్లు మండింది. వాక్యానికి అడ్డం వచ్చిందని మనసులో తిట్టుకున్నాను. పక్క మారుస్తుంటే ఆయన నడుము మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ కనపడింది. పుండు అవడానికి ఇంకో రోజు చాలు. అప్పుడు ఆ ముసలాయన కళ్లలో నీళ్లు ఎందుకో తెలిసింది. కీర్తనకు వచ్చిన నీళ్లు అనుకున్నాను ఇంతసేపూ.

అప్పటి నుంచి వార్డులో అడిగినవాళ్లకే, పని అయ్యాకే చదివాను. ఆ పాఠం నేర్చుకున్నాను గదా, ఇక నాకు అంతా తెలుసు అనుకున్నాను. చేతుల పాఠమే నేర్చుకున్నాను. నోటి పాఠం మిగిలే ఉంది.

గురువారం కూడిక

మా చర్చిలో గురువారం మధ్యాహ్నం ఆడవాళ్ల కూడిక ఉంటుంది. పాటలయ్యాక గుండ్రంగా కూర్చుని, ఒక్కొక్కరు ఒక ప్రార్థన అంశం చెప్పాలి. కొడుకు ఉద్యోగం, మోకాళ్ల నొప్పులు, తాగుబోతు అల్లుడు, ఇట్లా. చదువు రాని రోజుల్లో నా వంతు వస్తే, ఏం లేదు, ప్రార్థన చేయండి అని తల దించుకునేదాన్ని. చదువు వచ్చాక ధైర్యం వచ్చింది. దవాఖాన నుంచి వారానికో అంశం తెచ్చేదాన్ని. ఫలానా మంచం మీద ఇట్లాంటి మనిషి ఉన్నాడు, ఇట్లాంటి జబ్బు, ఇంట్లో ఇట్లాంటి గొడవ, అతని కోసం ప్రార్థన చేయాలి అని చెప్పేదాన్ని. పేర్లు చెప్పేదాన్ని కాదు. పేరు చెప్పకపోతే తప్పు లేదనుకున్నాను.

నిజం రాయాలి. నా వంతు వచ్చేసరికి అందరూ జరిగి దగ్గరకు కూర్చునేవారు. ముందు వారం చెప్పినామె ఎట్లున్నదని అడిగేవారు. అన్నేళ్లు మూల కూర్చున్నదాన్ని, నా మాట కోసం ఇంతమంది ఎదురుచూడడం నాకు బాగుండేది. దానికి నేను పెట్టుకున్న పేరు పరిచర్య.

ఇట్లా కొన్నేళ్లు నడిచాక మా వార్డులో ఒక అమ్మాయి చేరింది. స్వప్న అనుకోండి. ఊరు సూర్యాపేట వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటూ గవర్నమెంటు ఉద్యోగం పరీక్షకు కోచింగ్ తీసుకుంటోంది. జ్వరం, పక్కటెముకల్లో పోటు. ఊపిరితిత్తి పక్కన నీరు చేరింది. డాక్టరు గారు సూదితో తీసి పరీక్షకు పంపితే టీబీ అని వచ్చింది. ఈ రకం పక్కవాళ్లకు అంటేది కాదు, ఆరు నెలలు గోళీలు మింగితే పోతుంది అని ఆయన నా ముందే చెప్పారు. ఆ అమ్మాయి మాత్రం గోడకు తిరిగి పడుకుంది. ఒళ్లు తుడుస్తుంటే నాతో చెప్పింది, ఇంట్లో తెలిస్తే నాయన వచ్చి తీసుకుపోతాడు, చదువు ఆగిపోతుంది, పరీక్ష ఇంకా నెల కూడా లేదు, ఎవరికీ చెప్పకు ఆయమ్మా అని. చెప్పనని అన్నాను. ఆ మాట చెప్పిన నోటితోనే, ఒక కీర్తన చదవనా అని అడిగాను. వద్దంది. మర్యాదగానే వద్దంది.

ఆ గురువారం నా వంతు వచ్చింది. ఆ పిల్ల మీద నాకు నిజంగానే జాలి ఉంది, అందులో అబద్ధం లేదు. సూర్యాపేట పిల్ల, హాస్టల్‌లో ఉంటది, పరీక్షకు చదువుతున్నది, పక్కలో నీరు, టీబీ అన్నరు, ఇంట్లో చెప్పుకోలేకపోతున్నది, ఆమె కోసం ప్రార్థన చేయాలి అని చెప్పాను. పేరు చెప్పలేదు. అందరూ అయ్యో అన్నారు. కరుణమ్మ అనలేదు. ఆమె నా మొహం చూసి, తర్వాత కింద చాప చూసింది. నేను పట్టించుకోలేదు. కళ్లు మూసుకుని ప్రార్థన నడిపించాను. మంచి ప్రార్థన అని అందరూ మెచ్చుకున్నారు కూడా.

మెట్ల మీద పెట్టె

శనివారం ఉదయం స్వప్న డిశ్చార్జ్ అయింది. మూడు గంటలకు మళ్లీ దవాఖానకు వచ్చింది. ఒక చేతిలో ఇనుప పెట్టె, ఇంకో చేతిలో తాడుతో కట్టిన పుస్తకాలు. హాస్టల్‌లో ఆమె సామాను మెట్ల మీద పెట్టేశారు. దవాఖాన నుంచే తెలిసింది అని వార్డెన్ చెప్పిందట. ఎవరు చెప్పారో చెప్పలేదట.

పద్మజ సిస్టర్ ఆమెను డ్యూటీ రూములో కూర్చోబెట్టి టీ తెప్పించింది. తర్వాత ఆయాలు, వార్డు బాయ్‌లు, నర్సులు అందరినీ కారిడార్‌లోకి పిలిచింది.

"ఒక పేషెంటు మాట గేటు దాటి బయటికి పోయింది," అంది. "ఎవరి నోటి నుంచి పోయిందో సాయంత్రం ఆరు లోపు నాకు తెలియాలి. లేకపోతే నాకు తోచినట్టు చేస్తాను."

అందరూ యాదమ్మ వైపు చూశారు. యాదమ్మ నాతోటి ఆయా. ఆమె ఇల్లు ఆ హాస్టల్ వెనక సందులోనే. పొద్దున్నే ఆ హాస్టల్‌లో అంట్లు తోమి డ్యూటీకి వచ్చేది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి ఎవరికైనా.

"నేను చెప్పలే సిస్టర్," అంది యాదమ్మ. "మా పిల్లల మీద ఒట్టు. గా పిల్లది ఏం జబ్బో గూడ నాకు తెల్వదు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. మాట్లాడలేదు.

ఈ ముక్క రాయడానికి నాకు రెండు పూటలు పట్టింది. మాట్లాడలేదు. మూడు నుంచి ఐదున్నర దాకా పనిచేశాను. బెడ్‌పాన్లు తోమినవే మళ్లీ తోమాను. యాదమ్మ ఇద్దరు పిల్లలతో ఒక్కతే బతుకుతున్న మనిషి, ఈ ఉద్యోగం పోతే ఇంకో దవాఖాన తీసుకోదు, నోట్లో మాట ఆగదని పేరు పడుతుంది. అవన్నీ నాకు తెలుసు. నాకూ ఉద్యోగం కావాలి గదా అని ఒక మనసు. చర్చిలో నా పరువు ఏం కావాలని ఇంకో మనసు. ప్రార్థన చేస్తే ధైర్యం వస్తుందని గుడ్డలు ఆరేసే చోట మోకాళ్ల మీద కూర్చున్నాను. రాలేదు. ధైర్యం లేకుండానే లేచి సిస్టర్ గదికి పోయాను.

స్వప్న అక్కడే ఉంది. సిస్టర్‌తోనే చెప్పాలనుకున్నది ఆమె ముందే చెప్పాల్సి వచ్చింది. గురువారం కూడికలో ప్రార్థన కోసం అడిగిన, పేరు చెప్పలే, వార్డెన్ మా చర్చామెనే, నేనే చెప్పిన అన్నాను.

సిస్టర్ కన్నా ముందు స్వప్న అంది.

"నువ్వు దేవునికి చెప్పినవా ఆయమ్మా, కరుణమ్మకు చెప్పినవా?"

జవాబు కోసం ఆగకుండా తనే అంది.

"దేవునికైతే ఇంట్ల కూసొని చెప్పొచ్చు గదా. ఆయనకు నా హాస్టల్ అడ్రస్ ఎందుకు?"

ఆ అమ్మాయి అరవలేదు. పుస్తకాల తాడు ముడి గిల్లుకుంటూ అంది. ఇన్నేళ్లలో నేను విన్న ప్రసంగాలన్నీ ఒకవైపు పెట్టి, ఆ రెండు మాటలు ఒకవైపు పెడితే, ఇవే బరువు.

పద్మజ సిస్టర్ అప్పుడు నోరు తెరిచింది. "నిన్ను తీసేయడం నాకు రెండు నిమిషాల పని. దానివల్ల ఈ పిల్లకు పడుకోడానికి చోటు రాదు. రేపటి నుంచి పది రోజులు డ్యూటీకి రావద్దు. ముందు వెళ్లి యాదమ్మకు చెప్పు. తర్వాత ఈ అమ్మాయి సంగతి చూడు. చూశాకే మళ్లీ గేటు లోపలికి రా."

యాదమ్మకు చెప్పాను. ఆమె గిన్నె పక్కన పెట్టి, "అక్కా, నువ్వా," అని మాత్రం అంది. తర్వాత, "ఇంకో అర్ధగంట ఆగితే నేనే పోయి లేని తప్పు ఒప్పుకుంటుంటి, సిస్టర్ జర కనికరిస్తదని," అంది.

అక్కడి నుంచి నేను, స్వప్న హాస్టల్‌కు పోయాం. ఆమెను కింద నిలబెట్టి నేను పైకి ఎక్కాను. కరుణమ్మతో డాక్టరు గారి మాట చెప్పాను, ఇది అంటేది కాదు, చీటీ కూడా రాసిస్తారు, ఒక్క నెల ఉంచుకో అని బతిమాలాను.

"నువ్వు జెప్పకపోతే నాకు తెల్వకపోతుండె," అంది కరుణమ్మ. "తెల్సినంక ఉంచుకుంటే, గీ ముప్పై మంది పిల్లల తల్లిదండ్రులకు నేనేం జెప్పాలె? నీదేమున్నది, ప్రార్థన చేసి ఇంటికి పోయినవ్. నాకు రెండు దినాల సంది నిద్ర లేదు."

ఆమె చేసింది తప్పే. ఆ పిల్ల పెట్టెను మెట్ల మీద పెట్టించింది ఆమెనే. కానీ ఆ భయం ఆమె ఇంట్లో పెట్టింది నేను. అది దాచి ఆమెను తిట్టుకుంటే నాకు సుఖంగా ఉండేది.

రెండు గదులు

అల్మాస్‌గూడలో నాది రెండు గదుల కిరాయి పోర్షన్. మా ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు. బిడ్డ తుర్కయంజాల్‌లో తన సంసారంలో ఉంది. కిటికీ ఉన్న గది నీది, వంటగది నాది అన్నాను. స్వప్నకు వేరే దారి లేదు, ఊరికి పోతే పరీక్ష పోతుంది. అయినా ఊరికే ఒప్పుకోలేదు. ఆటోలో ఎక్కే ముందే మూడు షరతులు పెట్టింది. నాకేమైందో సందులో ఎవ్వరికీ చెప్పొద్దు. నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయొద్దు. నీ బుక్కు నాకు వినబడేటట్టు చదవొద్దు.

మొదటి రెండూ సులువే అనిపించాయి. మూడోదే కష్టమైంది. ఎందుకంటే నాకు నోరు తెరవకుండా చదవడం రాదు. లేటుగా నేర్చుకున్నవాళ్లకు ఇది తెలుస్తుంది. చెవికి వినపడితేనే అక్షరం లోపలికి పోతుంది. పొద్దున్నే చదివే అలవాటు నాది. మొదటి రెండు రోజులు మెట్లెక్కి డాబా మీదికి పోయి చదివాను. పైపోర్షనామె బట్టలు ఆరేస్తూ, "ఇంట్ల చదవరాదా, ఎవరొచ్చిన్రు? చుట్టమా?" అని అడిగింది. "మా ఇంట్ల ఉంటది," అన్నాను. "ఏమైనా బాగలేదా, బక్కగున్నది?" అంది. నా నోట్లో జవాబు తయారుగా ఉంది. అయ్యో పాపం అని మొదలయ్యే జవాబు. దాన్ని మింగడానికి ఎంత కష్టపడ్డానో. "చదువుకుంటది," అని కిందికి వచ్చేశాను.

ఆ తర్వాత డాబా మీదికి పోలేదు. వంటగదిలో పొయ్యి పక్కన కూర్చుని, పెదాలు పళ్లతో పట్టుకుని, వేలు మాటల కింద జరపడం మొదలుపెట్టాను. మొదట ఏమీ అర్థం కాలేదు. ఒక్క వచనానికి పప్పు ఉడికేంత సేపు పట్టేది. గట్టిగా చదివినన్నాళ్లూ నా గొంతు నాకు వినపడుతుంటే, ఎంత బాగా చదువుతున్నానో అనిపించేది. నోరు మూస్తే ఆ గొంతు పోయింది. వాక్యం ఒక్కటే మిగిలింది. నాలుక గురించి యాకోబు రాసిన అధ్యాయం చర్చిలో ఎన్నిసార్లు గట్టిగా చదివానో లెక్కలేదు. దాన్ని మూసిన నోటితో చదివినప్పుడే, అది నా గురించి రాసి ఉందని తెలిసింది.

స్వప్నకు పొద్దున్నే పరగడుపున గోళీలు. అవి వేసుకుంటే ఒంటికి ఎర్రగా పోతుంది, కడుపులో తిప్పుతుంది. మొదటి వారం మింగినవి కక్కేది. నేను తుడిచేదాన్ని. జావ కాచేదాన్ని. ఆ పని నాకు కొత్త కాదు, నోరు మూసుకుని చేయడమే కొత్త. పగలంతా ఆమె కిటికీ దగ్గర చదువుకునేది. నాదర్‌గుల్ మైదానం నుంచి విమానం నడపడం నేర్చుకునేవాళ్లు మా ఇళ్ల మీద గుండ్రంగా తిరిగేవారు. ఆ చప్పుడుకు ఆమె తల పట్టుకుని, "వాళ్లు ఎప్పుడు నేర్చుకుంటరో, ఎప్పుడు పోతరో," అనేది. నాతో ఆమె మాట్లాడిన మొదటి మామూలు మాట అదే.

మధ్యలో గురువారం వచ్చింది. పోవద్దనిపించింది, పోయాను. నా వంతు వచ్చింది. అందరూ దగ్గరకు జరిగారు. కరుణమ్మ ఆ చివర కూర్చుంది.

"ఇయ్యాల నా దగ్గర అంశం లేదు, ఒప్పుకునేది ఉంది," అన్నాను. "పోయిన వారం నేను ప్రార్థన అడగలే. కబురు చెప్పిన. ఇన్నేండ్లు చెప్పినవన్నీ గంతే. దవాఖానల నన్ను నమ్మి చెప్పిన మాటలు నేను ఈడ పంచిపెట్టిన."

తర్వాత ఒకామె, మంచి మనసుతోనే, ఇంతకీ ఆ పిల్ల ఇప్పుడు ఎట్లున్నదని అడిగింది.

"అది నేను చెప్ప," అన్నాను.

పాస్టరమ్మ గారు తల ఎత్తి నన్ను చూశారు. ఆ తర్వాత మా కూడికలో పద్ధతి మారింది. ఎవరి సంగతైనా వాళ్లు ఉంటేనే, వాళ్లు చెప్పమంటేనే చెప్పాలి. లేకపోతే ఒకరి కోసం అని మాత్రం అనాలి, కళ్లు మూసుకోవాలి. కొందరికి కూడిక చప్పబడిందని అనిపించింది. నాకూ అనిపించింది. కరుణమ్మ ఇప్పటికీ నా పక్కన కూర్చోదు, ఒక వరుస ముందు కూర్చుంటుంది. పేజీ తీయడానికి నాకిప్పుడు ఎవరి సాయమూ అక్కర్లేదు. అయినా ఆ చోటు ఖాళీగా ఉంటే తెలుస్తూనే ఉంటుంది.

పరీక్ష రోజు నేనే స్వప్నను ఎల్బీనగర్ దాకా బస్సులో తీసుకుపోయి, సెంటర్ గేటు దగ్గర దిగబెట్టాను. ఆ ఏడు ఆమెకు ఉద్యోగం రాలేదు. ఆమె ఏడవలేదు, నేను ఓదార్చలేదు. గోళీలు అయిపోయేదాకా, ఆరు నెలలూ నా దగ్గరే ఉంది. ఆ తర్వాత రెండోసారి రాసి ఒక ఆఫీసులో కుదిరింది. నా ఇంటి నుంచి పోయేరోజు వంటగదిలోకి వచ్చి, బైబిల్ పెట్టుకునే గూడు చూసింది. "చదువుడు ఆపేసినవనుకున్న ఆయమ్మా. రోజూ చదివినవా?" అంది. రోజూ చదివిన అన్నాను. "వినబడనేలే," అంది. నాకు ఇచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే.

కొత్తగా చేరేవాళ్లకు

మీరు ఇద్దరూ ఆదివారం చర్చిలో పాడేవాళ్లు. మీ ఫోన్లలో పొద్దున్నే వాక్యం వస్తుంది, దాన్ని ఇరవై మందికి పంపుతారు. పంపండి. కానీ వార్డులో అడుగుపెట్టాక వాక్యానికి కృతజ్ఞత చూపేది చేతులు. తడి పక్క పది నిమిషాలు ఆలస్యంగా మార్చి, దేవునికి స్తోత్రం అనకండి. ఆ స్తోత్రం మంచం మీది మనిషికి వినపడదు, పైకి కూడా పోదని నా నమ్మకం.

ఎవరైనా చదవమంటే చదవండి. వద్దంటే వద్దు. మనకు వాక్యం ప్రాణమని అవతలి మనిషి జబ్బుగా పడుకున్నప్పుడు మీద పడకూడదు. వాళ్లు లేచి పారిపోలేరు. అది గుర్తుంచుకోండి.

ముఖ్యంగా, జాలి పడినప్పుడు జాగ్రత్త. కోపంతో మాట జారితే మనకే తెలుస్తుంది. జాలితో జారితే తెలియదు, పుణ్యం చేసినట్టే ఉంటుంది. అయ్యో పాపం అని మీ నోట్లో మాట తయారైందంటే, ముందు పెదాలు పట్టుకోండి. ఇప్పటికీ నాకు వారానికి ఒకసారైనా ఆ అవసరం పడుతుంది. పోయిన అలవాటు కాదు అది. రోజూ పట్టి ఆపేదే.

పెద్దలకు భయపడి తప్పు దాచకండి. మీ పక్కన ఒక యాదమ్మ నిలబడి ఉంటుంది. దాచిన ప్రతి గంటా ఆమె లెక్కలో పడుతుంది. నేను దాచింది రెండున్నర గంటలే. యాదమ్మ తర్వాత నాతో కలిసి పదేళ్లు పనిచేసింది, కలిసి తిన్నాం, నవ్వుకున్నాం. అయినా ఎవరిమీదైనా మాట వస్తే ఆమె ముందు నా మొహం చూసేది.

ఆఖరి మంచం

నేను పని మానేసే సంవత్సరం ఒక మధ్యాహ్నం ఆడవాళ్ల వార్డు నుంచి కబురొచ్చింది, ఎవరో నిన్నే అడుగుతున్నారని. పోయి చూస్తే స్వప్న. కాస్త ఒళ్లు చేసింది, మెడలో ఆఫీసు కార్డు. మంచం మీద వాళ్లమ్మ. సిస్టర్లు ఎవరినో పంపుతామంటే, వద్దు, దీవెనమ్మ ఆయమ్మ కావాలి అందట.

నన్ను కారిడార్‌లోకి తీసుకుపోయి వాళ్లమ్మకు ఏమైందో చెప్పింది. తమ్ముళ్లకు కూడా తెలియదంది. తర్వాత నా కళ్లలోకి చూసింది.

"ఎవరికన్న చెప్తవా?"

"చెప్ప."

"దేవునికి?"

"దేవునికి చెప్త. నోరు తెరువకుండ."

ఆమె నవ్వింది. నాకు ఆ నవ్వు చాలు.

మూడు వారాలు ఆ తల్లి పక్క నేనే మార్చాను, ఒళ్లు నేనే తుడిచాను. ఆమె నాతో చాలా మాటలు చెప్పుకుంది.

ఈ కాగితాలు మీ చేతికి ఇచ్చేముందు స్వప్నకు పంపాను. తన సంగతి రాయొచ్చంది. పేరు, ఊరు మార్చమంది, మార్చాను. కొట్టేయమన్న రెండు వాక్యాలు కొట్టేశాను. అమ్మ సంగతి మాత్రం వద్దు ఆయమ్మా అంది.

అందుకే ఆమెకు ఏమైందో ఇక్కడ రాయలేదు.